పద్దెనిమిది నెలల గడువు, 760 యూరోల తేడా: ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక తెనాలి కుర్రాడి కేసు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక బ్యాంకు రిస్క్ విభాగంలో నా ఉద్యోగం. శని, ఆదివారాల్లో ఇక్కడ ఫైనాన్స్ మాస్టర్స్ పూర్తిచేసి ఉద్యోగం కోసం తిరుగుతున్న మనవాళ్ళతో కూర్చుంటాను. సీవీలు దిద్దడం, మాక్ ఇంటర్వ్యూలు చేయించడం, ఆఫర్ లెటర్లు చదివిపెట్టడం, ఇదే పని. ఇది అలాంటి ఒక కేసు. అబ్బాయి ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. అతనికి యూరప్ డిగ్రీ ఇక్కడ ఉండి ఉద్యోగం వెతుక్కునే హక్కు ఇచ్చింది. ఉద్యోగం మాత్రం గచ్చిబౌలిలో చేసిన పని వల్ల వచ్చింది. చాలామంది సరిగ్గా ఆ పనినే సీవీలో దాచేస్తున్నారు కాబట్టి ఈ కేసు ఎంచుకున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

అబ్బాయిది తెనాలి, 28 ఏళ్ళు. గుంటూరులో బీకాం, ఎంకాం. గచ్చిబౌలిలో ఓ విదేశీ బ్యాంకు సెంటర్లో రెండేళ్ళు చేసి, 2022 అక్టోబరులో ఎమ్మెస్సీ ఫైనాన్స్‌కి జర్మనీ వచ్చాడు. చేరింది ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి ట్యూషన్ ఫీజు లేదు. అయినా వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్లో, అంటే నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతాలో, అప్పటి లెక్కన 10,332 యూరోలు చూపించాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 అయింది. నాన్నగారిది ఎరువులు, పురుగుమందుల కొట్టు. ఇంటి స్థలం తనఖా పెట్టి పద్నాలుగు లక్షలు లోను తీశారు. 2024 డిసెంబరులో చదువు పూర్తయింది. గ్రేడు 2.1. ఇక్కడ 1 అంటే అన్నిటికంటే గొప్ప, 4 అంటే పాసు, కాబట్టి 2.1 మంచిదే.

2025 ఫిబ్రవరిలో నా దగ్గరికి వచ్చాడు. జర్మనీలో చదివినవాళ్ళకి ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలల రెసిడెన్స్ పర్మిట్ ఇస్తారు. ఈ పర్మిట్ మీద ఏ పనైనా, ఎన్ని గంటలైనా చేసుకోవచ్చు. కానీ దాన్ని పొడిగించరు. అతని పర్మిట్ 2026 జూన్ దాకా ఉంది. లోను ఈఎంఐ మాత్రం అంతకంటే ముందే, 2025 చివర్లో మొదలవుతుంది. ఇంట్లో అడుగుతున్నది ఆ ఈఎంఐ గురించే.

ఎక్సెల్ షీటు తెరిచి అప్లికేషన్ల చిట్టా చూపించాడు. కిందికి జరిపేకొద్దీ ఎర్ర రంగే. పెట్టినవన్నీ ఎం అండ్ ఏ (కంపెనీల విలీనాలు, కొనుగోళ్ళు), ఈక్విటీ రీసెర్చ్, అసెట్ మేనేజ్‌మెంట్. డాయిష్ బ్యాంక్, జేపీ మోర్గాన్, గోల్డ్‌మన్ శాక్స్, మోర్గాన్ స్టాన్లీ. మధ్యలో యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ కూడా ఉంది. ఆ బ్యాంకు మామూలుగా యూరోపియన్ యూనియన్ దేశాల పౌరుల్నే తీసుకుంటుంది. మైన్ నది ఒడ్డున ఆ జంట టవర్ల ముందు ఫొటో దిగని ఫైనాన్స్ విద్యార్థి ఉండడు, లోపల ఉద్యోగానికి పాస్‌పోర్టు అడ్డమని చాలామందికి రిజెక్షన్ వచ్చేదాకా తెలియదు. హైదరాబాద్‌లో ఇతన్ని పంపిన కన్సల్టెన్సీ వాళ్ళు "ఫైనాన్స్ అంటే ఫ్రాంక్‌ఫర్టే బాబూ, బ్రెగ్జిట్ తర్వాత లండన్ బ్యాంకులన్నీ అక్కడికే" అన్నారట.

అందులో నిజం లేకపోలేదు. బ్రెగ్జిట్ తర్వాత పెద్ద అమెరికన్ బ్యాంకులు తమ యూరప్ సంస్థలను ఫ్రాంక్‌ఫర్ట్‌లో బలపరచుకున్నాయి. అయితే అక్కడి ఎం అండ్ ఏ టీముల క్లయింట్లలో ఎక్కువమంది జర్మన్ కంపెనీల యజమానులు. ఆ మీటింగులు జర్మన్‌లో జరుగుతాయి. తీసుకునేది కూడా అప్పటికే రెండు మూడు ఇంటర్న్‌షిప్‌లు చేసినవాళ్ళని. మనవాడి జర్మన్ ఏ2, అంటే ఏ1, ఏ2, బీ1, బీ2 అంటూ పెరిగే మెట్లలో రెండోది. ఇంటర్న్‌షిప్ ఒక్కటీ లేదు. రెండేళ్ళ చదువులో పార్ట్‌టైమ్ పనంతా గోడౌన్‌లో పార్సిళ్ళు సర్దడమే.

దీనికి నేనతన్ని తప్పుపట్టను. సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. బ్యాంకులో వర్క్‌స్టూడెంట్‌గా, అంటే చదువుకుంటూ పార్ట్‌టైమ్ ఉద్యోగిగా, దూరాలంటే నెలల తరబడి వెతకాలి, గోడౌన్‌లో వారంలో పని దొరుకుతుంది. అద్దె కట్టాల్సిన రోజు దగ్గరపడితే ఎవరైనా రెండోదే పట్టుకుంటారు. గంటకి వచ్చే డబ్బులో పెద్ద తేడా ఉండదు, సీవీలో మాత్రం బోలెడంత తేడా.

పైగా కాలం కూడా కలిసి రాలేదు. 2023, 2024 వరుసగా రెండేళ్ళు జర్మన్ ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. 2024 ఫిబ్రవరిలో డాయిష్ బ్యాంక్ 3,500 ఉద్యోగాల కోత ప్రకటించింది. ఇతను నన్ను కలిసిన 2025 ఫిబ్రవరిలోనే కొమ్మెర్జ్‌బ్యాంక్ 3,900 ఉద్యోగాలు తీసేస్తామంది. "ఉన్నవాళ్ళనే పంపించేస్తుంటే నన్నెవరు తీసుకుంటారక్కా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే.

సీవీ చివర్లో ఒక లైను

సీవీ రెండు పేజీలు. పైన సీఎఫ్ఏ (పెట్టుబడుల విశ్లేషణ సర్టిఫికెట్) లెవెల్ వన్, కోర్సు ప్రాజెక్టులు, ఏదో ఆటో కంపెనీ షేరు మీద రాసిన రిపోర్టు. గచ్చిబౌలి ఉద్యోగం రెండో పేజీ అడుగున ఒకే లైను: ప్రాసెస్ అసోసియేట్, రిపోర్టింగ్.

రోజూ ఏం చేసేవాడివని అడిగాను. బ్యాంకు లండన్ సంస్థ లిక్విడిటీ రిపోర్టు, అంటే చెల్లింపులకి చేతిలో ఎంత ఉందో చూపే రిపోర్టు, తయారుచేసే టీమ్ అట. పొద్దున వచ్చే డేటాలో తేడాలు పట్టడం, ఎల్‌సీఆర్ అనే లిక్విడిటీ నిష్పత్తి నిన్నటికీ ఇవాళ్టికీ ఎందుకు మారిందో రాసి లండన్‌కి పంపడం, వాళ్ళు వేసిన ప్రశ్నలకి జవాబులివ్వడం. ఇంత పని చేసి ఒక్క లైను రాశావేంటి అంటే, "అది బ్యాక్ ఆఫీసే కదక్కా, ఇక్కడ ఎవరు చూస్తారని" అన్నాడు.

ఇక్కడ బ్యాంకుల పరిస్థితి కొంచెం చెప్పాలి. జర్మనీలో వెయ్యికి పైగా బ్యాంకులున్నాయి. పొదుపు బ్యాంకులు, సహకార బ్యాంకులు, ప్రైవేటు బ్యాంకులు, విదేశీ బ్యాంకుల శాఖలు. మన స్టేట్ బ్యాంకుకి కూడా ఫ్రాంక్‌ఫర్ట్‌లో శాఖ ఉంది. లాభం వచ్చినా రాకపోయినా ప్రతి బ్యాంకూ పెట్టుబడి, లిక్విడిటీ, అప్పుల వివరాలు గడువులోగా జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్‌కి పంపాల్సిందే. 2025 జనవరి 1 నుంచి సీఆర్ఆర్ 3 కొత్త పెట్టుబడి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. జనవరి 17 నుంచి ఐటీ రిస్క్ మీద డోరా అనే యూరప్ చట్టం వచ్చింది. కోతలు ప్రకటించిన బ్యాంకులు కూడా ఈ రిపోర్టులు మానుకోలేవు.

మరి ఈ పని హైదరాబాద్‌కో పుణెకో పంపేస్తున్నారు కదా అంటారా? పంపేస్తున్నారు. కానీ పని ఎక్కడ చేయించినా జవాబుదారీ ఇక్కడి బ్యాంకుదే. బ్యాంకుల్ని పర్యవేక్షించే జర్మన్ సంస్థ బాఫిన్ నిబంధనల ప్రకారం బయటికిచ్చిన పనిని పర్యవేక్షించే మనుషులు బ్యాంకులో ఉండి తీరాలి. అవతలి నుంచి వచ్చిన రిపోర్టు చదివి, ఇందులో ఫలానా చోట తేడా ఉందని చెప్పగలిగేవాళ్ళు కావాలి. ఆ సీటుకి, రెండేళ్ళు అవతలే కూర్చున్నవాడి కంటే పనికొచ్చేవాడెవరు?

అతను అప్పటిదాకా ఇలాంటి ఉద్యోగాలు చూడకపోవడానికి ఇంకో చిన్న కారణం కూడా ఉంది. జాబ్ సైట్లలో రెగ్యులేటరీ రిపోర్టింగ్ అనే ఇంగ్లిష్ పేరుతోనే వెతికాడు. మధ్యరకం బ్యాంకులు వీటిని మెల్డెవేజెన్ అనే జర్మన్ పేరుతో వేస్తాయి. అలా వెతికిన సాయంత్రమే ఫ్రాంక్‌ఫర్ట్, ఎష్‌బోర్న్, వీస్‌బాడెన్, మైంజ్ చుట్టుపక్కల అతను ఎన్నడూ చూడని ప్రకటనలు కనిపించాయి. చాలావాటికి బీ2 జర్మన్ కావాలి. కొన్నిటికి, ముఖ్యంగా విదేశీ బ్యాంకుల సంస్థల్లో, ఇంగ్లిష్‌తో పాటు కాస్త జర్మన్ ఉంటే చాలు. మేము గురిపెట్టింది ఆ రెండో గుంపు మీద.

దేశం మారితే?

మధ్యలో ఒకసారి కుంగిపోయి, వేరే దేశం పోతానన్నాడు. డబ్లిన్‌లో చదివిన ఫ్రెండుకి ఫండ్ అడ్మినిస్ట్రేషన్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఐర్లండ్‌లో మాస్టర్స్ చేసినవాళ్ళకి రెండేళ్ళు ఉండి పనిచేసుకునే స్టాంప్ 1జీ ఇస్తారు, భాష ఇంగ్లిషే. కానీ అది అక్కడ చదివినవాళ్ళకి. ఇతను వెళ్ళాలంటే ముందే ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ ఇచ్చే కంపెనీ దొరకాలి.

నెదర్లాండ్స్ కాస్త మెరుగు. అక్కడి జూక్‌యార్, అంటే ఏడాదిపాటు ఉద్యోగం వెతుక్కునే పర్మిట్, ప్రపంచ ర్యాంకింగుల్లో మొదటి 200లో ఉన్న విదేశీ యూనివర్సిటీల్లో చదివినవాళ్ళకి కూడా దొరుకుతుంది, చదువు పూర్తయిన మూడేళ్ళలోపు అడగాలి. ఆ దారిలో వెళ్ళినవాళ్ళకి స్కిల్డ్ మైగ్రెంట్ జీతం పరిమితి కూడా తక్కువ, 2025లో నెలకి 2,989 యూరోలు. అయితే కంపెనీ ప్రభుత్వ గుర్తింపు పొందిన స్పాన్సర్ల జాబితాలో ఉండాలి. దీన్ని రెండో దారిగా పక్కన పెట్టుకున్నాం. ఫ్రాన్స్ మనకి ఉదారమే, అక్కడ మాస్టర్స్ చేసిన భారతీయులు ఉద్యోగం వెతుక్కోడానికి ఇచ్చే ఏడాది పర్మిట్‌ని ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. అదీ అక్కడ చదివినవాళ్ళకే, పైగా ఫ్రెంచ్ రాకుండా ప్యారిస్ బ్యాంకుల్లో నెగ్గుకురావడం కష్టం.

హైదరాబాద్ తిరిగి వెళ్ళిపోవడం గురించి కూడా లెక్క వేశాం. పాత టీములో సీనియర్‌గా తీసుకుంటామన్నారు. అది ఓడిపోయి వెళ్ళడం కాదని నాన్నగారికి ఫోన్‌లో నేనే చెప్పాను. ఆయన కాసేపాగి, "వాడు ఏడాది చూస్తానంటున్నాడమ్మా, చూడనీ" అన్నారు. అలా 2025 డిసెంబరు వరకు గడువు పెట్టుకున్నాం. పర్మిట్ చివరి రోజు దాకా వేలాడకూడదన్నది ఒక్కటే నా షరతు.

చేసిన పని

సీవీ ఒక పేజీన్నరకి కుదించాం. గచ్చిబౌలి ఉద్యోగం మొదటి పేజీ పైకొచ్చింది. "ప్రాసెస్ అసోసియేట్" పక్కన ఏం రిపోర్టు, ఎంత తరచుగా, ఏ టూలుతో, ఏ తేడాలు పట్టాడో రాశాం. షేరు రిపోర్టు తీసేశాం. గోడౌన్ పని ఒక్క లైనులో ఉంచమన్నాను. అది దాస్తే మధ్యలో రెండేళ్ళు ఖాళీ కనిపిస్తుంది, చెప్పుకోడానికి సిగ్గుపడాల్సిన పనీ కాదు.

జర్మన్ కంపెనీలు పాత యజమాని రాసిచ్చిన సర్వీసు సర్టిఫికెట్ అడుగుతాయి. మన దగ్గర ఇచ్చే రిలీవింగ్ లెటర్లో చేరిన తేదీ, మానేసిన తేదీ, "విష్ హిమ్ ఆల్ ద బెస్ట్" తప్ప ఏమీ ఉండదు. పాత మేనేజర్‌ని బతిమాలి, చేసిన పనులు వరసగా రాసిన ఉత్తరం కంపెనీ లెటర్‌హెడ్ మీద తెప్పించుకున్నాడు. తర్వాత ఇంటర్వ్యూలో వాళ్ళు ముందు పెట్టుకుని ప్రశ్నలడిగింది ఆ కాగితం చూసే.

జర్మన్ సంగతి: సాయంత్రం క్లాసులో చేరి జూన్‌లో బీ1 పాసయ్యాడు. సీఎఫ్ఏ లెవెల్ టూ రాస్తానంటే వద్దన్నాను. అతనికి ఆ ఆరు నెలల్లో ఇంకో సర్టిఫికెట్ కంటే బీ1 ఎక్కువ పనికొస్తుంది. పట్టుబట్టి డేటాబేస్‌లోంచి డేటా తీసే ఎస్‌క్యూఎల్ మాత్రం నేర్పించాను, ఎందుకంటే రిపోర్టింగ్ టీముల్లో ఎక్సెల్‌తో ఆగిపోయినవాళ్ళని ఇప్పుడు ఎవరూ తీసుకోవడం లేదు.

జూన్ చివర్లో ఓ విదేశీ బ్యాంకు యూరప్ సంస్థ నుంచి ఇంటర్వ్యూ కాల్ వచ్చింది. మొదటి పది నిమిషాలు జర్మన్‌లో. తడబడ్డాడు, కానీ ఇంగ్లిష్‌లోకి దూకేయలేదు. తర్వాత టీమ్ హెడ్ ఇంగ్లిష్‌లో అడిగింది: "ఎల్‌సీఆర్ నిన్న 148, ఇవాళ 131. ఆస్తుల్లో మార్పు లేదు. మీరు మొదట ఏం చూస్తారు?"

ఎల్‌సీఆర్ అంటే, వచ్చే 30 రోజుల్లో బయటికి పోగల డబ్బుకి సరిపడా వెంటనే అమ్ముకోగల ఆస్తులు బ్యాంకు దగ్గర ఉన్నాయా అని చూసే నిష్పత్తి. వందకి తగ్గకూడదు. పుస్తకం చదివినవాడు ఆ సూత్రం అప్పజెప్తాడు. ఇతను చెప్పింది వేరు: ఆస్తులు మారలేదంటే తేడా నికర అవుట్‌ఫ్లోలో, అంటే వచ్చేది పోను బయటికి పోయే డబ్బు లెక్కలో ఉంది. ముందు పెద్ద డిపాజిట్ల జాబితా తీసి, ఏదైనా కంపెనీ డిపాజిట్ ఆపరేషనల్ (రోజువారీ చెల్లింపులకి ఉంచేది) నుంచి నాన్ ఆపరేషనల్‌కి మారిందేమో చూస్తాను. మారితే మామూలుగా 25 శాతం పడే అవుట్‌ఫ్లో రేటు 40 అవుతుంది. డబ్బు కదలకపోయినా నిష్పత్తి పడిపోతుంది. హైదరాబాద్‌లో ఇలాగే ఒకసారి కస్టమర్ కోడ్ తప్పు పడి లండన్‌లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఆ సంగతి చెప్పగానే ఆవిడ నవ్విందట. రెండో రౌండు అయ్యాక జూలైలో ఆఫర్ వచ్చింది.

760 యూరోలు

ఆఫర్: ఏడాదికి 43,000 యూరోలు స్థిర జీతం, పైన బ్యాంకు ఇష్టప్రకారం 3,000 దాకా బోనస్.

అబ్బాయి సంబరపడి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పది నిమిషాల్లో ఎవరో "బ్లూ కార్డ్ రాదు బ్రో" అని నీళ్ళు చల్లారు. బ్లూ కార్డ్ అంటే డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకి యూరోపియన్ యూనియన్ దేశాలిచ్చే పర్మిట్. 2025లో దానికి మామూలు కనీస జీతం పరిమితి 48,300 యూరోలు. కొరత ఉన్న వృత్తులకీ, డిగ్రీ పూర్తయి మూడేళ్ళు దాటనివాళ్ళకీ తగ్గించిన పరిమితి 43,759.80. ఇతను రెండో కోవలోకి వస్తాడు. అంటే 760 యూరోలు తక్కువ. ఇష్టప్రకారం ఇచ్చే బోనస్ ఈ లెక్కలోకి రాదు, కాంట్రాక్టులో ఖాయంగా ఇస్తామన్న మొత్తమే లెక్క.

అర్ధరాత్రి ఫోన్ చేశాడు. ముందు గాభరా తగ్గించాలి కాబట్టి అసలు సంగతి చెప్పాను: బ్లూ కార్డ్ రాకపోయినా జర్మన్ డిగ్రీ ఉన్నవాడికి సరిపడే ఉద్యోగం ఉంటే మామూలు స్కిల్డ్ వర్కర్ పర్మిట్ వస్తుంది. దానికి ఆ పరిమితి లేదు, అలాంటి పనికి ఇక్కడ ఇచ్చే జీతం ఇస్తే చాలు. శాశ్వత నివాసానికి కూడా పెద్ద తేడా లేదు. బ్లూ కార్డుతో బీ1 ఉంటే 21 నెలలు, ఏ1 అయితే 27. జర్మనీలో చదివినవాళ్ళకి మామూలు పర్మిట్ మీదైనా రెండేళ్ళ పెన్షన్ చందా, బీ1 ఉంటే 24 నెలలు. మూడు నెలల తేడా కోసం ఆఫర్ వదులుకోవడం తెలివితక్కువ పని.

అయినా అడగడంలో పోయేదేముంది? జీతం పెంచమని అడగొద్దన్నాను. మొత్తం మారకుండా, బోనస్‌లోంచి 1,200 స్థిర జీతంలోకి మార్చమనీ, కారణం ఇదనీ, పరిమితి అంకెతో సహా రెండు పేరాల మెయిల్ రాయించాను. హెచ్ఆర్ వాళ్ళకి ఆ పరిమితి సంగతి తెలియనే తెలియదు. బ్యాంకుకి అదనంగా పెద్ద ఖర్చేం లేదు కాబట్టి మూడో రోజు 44,200తో సవరించిన కాంట్రాక్టు వచ్చింది.

కార్డు దగ్గర మళ్ళీ ఆలస్యం. తగ్గించిన పరిమితితో అడిగితే ఉపాధి ఏజెన్సీ ఆమోదం కావాలి, దానికితోడు విదేశీయుల ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరకదు. కార్డు చేతికి రాకుండా చేర్చుకోలేమని హెచ్ఆర్ వాళ్ళు తేదీ వాయిదా వేయబోయారు. ఉద్యోగం వెతుక్కునే పర్మిట్ మీద ఏ ఉద్యోగమైనా చేయొచ్చన్న సంగతి చాలా హెచ్ఆర్‌లకి తెలియదు. పర్మిట్‌తో పాటు ఇచ్చిన అదనపు కాగితం మీద పని చేయడానికి అనుమతి ఉందని రాసి ఉంటుంది, దాని కాపీ పంపించాం. సెప్టెంబరు 1న చేరాడు. బ్లూ కార్డ్ నవంబరులో వచ్చింది.

పన్నులు, ఇన్సూరెన్స్‌లు పోను చేతికొచ్చేది నెలకి సుమారు 2,400 యూరోలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అద్దెలు భరించలేక పక్కనే ఉన్న ఓఫెన్‌బాఖ్‌లో ఇంకో ఇద్దరితో కలిసి ఉంటున్నాడు. వడ్డీ కలిసిన లోనుకి ఈఎంఐ ఇరవై మూడు వేల రూపాయలు. అది కట్టి, ఇంటికి కొంచెం పంపి, నెలాఖరుకి ఇబ్బంది లేకుండా గడుస్తోంది. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ జీతం కాదిది. ఆరు నెలల ప్రొబేషన్ అయిపోయింది, ఇప్పుడు బీ2 క్లాసుకి వెళ్తున్నాడు, ఎందుకంటే బుండెస్‌బ్యాంక్‌తో మాట్లాడే ఫోన్ కాల్స్‌లో ఇంకా పక్కవాళ్ళే మాట్లాడుతున్నారు.

ఈ కేసు ఎవరికి వర్తిస్తుంది

ఇందులో అదృష్టం పాలు ఉంది. సీఆర్ఆర్ 3 వచ్చిన ఏడాదే ఇతను మార్కెట్లోకి వచ్చాడు. పాత మేనేజర్ ఉత్తరం రాసిచ్చే మనిషి అయ్యాడు. అడిగిన ప్రశ్న చేతిలో ఉన్న పనికి సరిగ్గా సరిపోయింది.

హైదరాబాద్, బెంగళూరు, పుణె సెంటర్లలో రిపోర్టింగ్, కేవైసీ, రిస్క్ డేటా, ఫండ్ అకౌంటింగ్ చేసి యూరప్‌కి వస్తున్నవాళ్ళకి ఈ దారి దాదాపు ఇలాగే పనిచేస్తుంది. మనీలాండరింగ్ మీద యూరప్ కొత్త సంస్థ ఆమ్లా కూడా ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే 2025 జూలైలో పని మొదలుపెట్టింది. అందులో ఉద్యోగాలు మనకి రావు. కానీ దాని లెక్కలకి జవాబు చెప్పుకోవాల్సిన బ్యాంకుల్లో కేవైసీ తెలిసినవాళ్ళకి పని ఉంటుంది.

అనుభవం లేకుండా డిగ్రీ అవగానే నేరుగా వచ్చేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ఈ కేసు చూపించి ధైర్యం చెప్పను. మొదటి సెమిస్టర్ మొదలయ్యేనాటికే బీ1 ఉండాలనీ, గోడౌన్ పని ఒక సెమిస్టర్‌కి మించొద్దనీ, మూడో సెమిస్టర్ లోపు ఏ బ్యాంకులోనైనా, ఏ కన్సల్టింగ్ కంపెనీలోనైనా వర్క్‌స్టూడెంట్ పని పట్టమనీ చెప్తాను. థీసిస్ యూనివర్సిటీలో కూర్చుని రాయొద్దు, ఏదైనా కంపెనీతో కలిసి రాయండి. ఇవి కుదరవనుకుంటే లోనుకి సంతకం పెట్టకముందే ఊళ్ళోనే రెండేళ్ళు ఉద్యోగం చేసి రమ్మంటాను. అలా చెప్పినందుకు కోపం తెచ్చుకుని మళ్ళీ ఫోన్ చేయనివాళ్ళు ఉన్నారు.